పూజలో పాడు ఆలోచనలు: ఆపాల్సింది లెంపలు వేసుకోవడాన్ని

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. దీపం పెట్టి సహస్రనామం మొదలుపెట్టగానే అమ్మవారి గురించి నోటితో చెప్పలేని బూతులు మనసులో మెదులుతున్నాయి. వెంటనే లెంపలు వేసుకుని మళ్లీ మొదటి నామం నుంచి చదువుతాను. అరగంట పారాయణ రెండు గంటలు దాటుతోంది. ‘నాకు పాపం చుట్టుకోదు కదండీ?’ అని మావారిని పదే పదే అడుగుతున్నాను. డాక్టర్ ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి భయం తీరడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు) అన్నారు. ఈ ఆలోచనలు రాకుండా ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రాకుండా చేసే ఉపాయం లేదమ్మా. దాని కోసం వెతకడం మానితేనే మీకు తెరిపి. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ చాలామందికి ఇలాంటి ఆలోచనలు వస్తాయని రాచ్‌మన్, డి సిల్వా అనే మనస్తత్వవేత్తలు 1978లోనే చూపించారు. వాళ్లు పట్టించుకోరు, అవి పోతాయి. మీరు మాత్రం ఆ మాట నేనే అన్నాననుకుని వణికిపోతున్నారు. అమ్మవారంటే అంత భక్తి ఉంది కాబట్టే జబ్బు సరిగ్గా అక్కడ పట్టుకుంది. పసిబిడ్డ తల్లిని ‘బిడ్డకు నేనే హాని చేస్తానేమో’ అని వేధించేదీ ఈ జబ్బే.

లెంపలు వేసుకోగానే కాసేపు ఊరట దొరుకుతుంది. ఆ ఊరటే జబ్బుకు మేత. ‘లెంపలు వేసుకున్నాను కాబట్టే గండం తప్పింది’ అని మెదడు నేర్చుకుంటుంది, మర్నాడు ఇంకా గట్టిగా భయపెడుతుంది. ఈ ముడిని విప్పే చికిత్స ఈఆర్‌పీ. భయపెట్టే సందర్భంలోకి కావాలనే వెళ్లడం, వెళ్లాక ప్రాయశ్చిత్తం చేసుకోకుండా ఉండటం. లండన్‌లో విక్టర్ మేయర్ 1966లో దీని తొలి ఫలితాలు ప్రచురించారు.

ముందు ఒక వారం నోట్‌బుక్‌లో రాయండి: ఏ వేళ వచ్చింది, భయం నూటికి ఎంత, ఆ తర్వాత ఏం చేశారు. మనసులో ‘క్షమించు తల్లీ’ అనుకున్నా రాయాల్సిందే. ఎక్కువమంది పట్టుకోలేనిది దాన్నే.

తర్వాత తక్కువ భయం ఉన్నచోట మొదలుపెట్టండి. దేవుడి పటం ముందు నాలుగు పాదాల శ్లోకం ఒక్కసారి చదివి లేవడం మీకు 30 అనుకుందాం. సహస్రనామం మధ్యలో బూతు మెదిలినా వెనక్కి వెళ్లకుండా తర్వాతి నామం చదవడం 80 కావచ్చు. 30 దగ్గర రోజూ అరగంట, ముప్పావుగంట సాధన చేయండి. ఆలోచన వస్తే ‘వచ్చింది’ అనుకుని ముందుకు సాగండి. తోసెయ్యొద్దు, తర్కించొద్దు. చెయ్యి చెంపకు వెళ్తుంటే మొదట ఐదు నిమిషాలు వాయిదా వేయండి, తర్వాత పదిహేను, ఆ తర్వాత పూర్తిగా మానేయండి. అక్కడ భయాన్ని ఓర్చుకోగలనని తెలిశాక పై మెట్టుకు వెళ్లండి.

చాలామంది తడబడేది ఇక్కడే: చేతులు ఆగుతాయి, లోపల క్షమాపణ మొదలవుతుంది. లేదా ‘ఇది ఓసీడీ, ఇది ఓసీడీ’ అని జపం పట్టుకుంటారు. అదీ ప్రాయశ్చిత్తమే. పూజే మానేస్తే ఆ రోజుకు హాయిగానే ఉంటుంది గానీ భయం మరింత ముదురుతుంది. పొరపాటున లెంపలు వేసుకున్నా కంగారొద్దు, మళ్లీ మొదటికి వెళ్లకుండా ఆగిన చోటు నుంచే చదవండి. పాపమా కాదా అని మీ గురువుగారిని ఒక్కసారి అడగొచ్చు. రెండోసారి అడిగిస్తున్నది జబ్బే.

మీవారితో ముందే మాట్లాడుకోండి. మీరు అడిగినప్పుడు ఆయన ‘కాదులే’ అనకూడదు, విసుక్కోకూడదు. ‘దీనికి జవాబు చెప్పనని అనుకున్నాం కదా, పక్కనే ఉంటాను’ అంటే చాలు. జవాబు రాని ఆ కొద్దిసేపు మీకు నరకంలా ఉంటుంది, మాకు తెలుసు. చికిత్స జరిగేది ఆ కొద్దిసేపట్లోనే.

ప్రశ్న: ఓసీడీకి సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములు రాశారు. మూడు వారాలైనా తేడా లేదు. మానేయనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మానొద్దు. ఓసీడీలో ఈ మందుల ఫలితం తెలియాలంటే 8 నుంచి 12 వారాలు పడుతుంది. డిప్రెషన్‌కు ఇచ్చేదానికన్నా ఎక్కువ మోతాదు కావాల్సి రావడం మామూలే. సెర్ట్రలిన్‌ను డాక్టర్లు అంచెలంచెలుగా 200 దాకా పెంచుతారు. మీ అంతట మీరు పెంచకండి. మొదట్లో వికారం, నిద్ర చెదరడం ఉంటాయి, చాలామందికి రెండు వారాల్లో తగ్గుతాయి. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, చిరాకు. తగ్గాక కూడా కనీసం ఏడాది, రెండేళ్లు వాడాల్సి ఉంటుంది. మందుతో పాటు థెరపీ కోసం వెళ్తే ‘ఈఆర్‌పీ చేయిస్తారా?’ అని సూటిగా అడగండి. ఊరికే ధైర్యం చెప్పి పంపే కౌన్సెలింగ్ ఓసీడీకి సరిపోదు. చనిపోవాలనిపిస్తే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. డాక్టర్‌కు వెంటనే చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.