రోజూ గంట నడుస్తున్నా పొట్ట ఎందుకు తగ్గడం లేదు? ఒక టైలర్ జవాబు

"వయసు 44. ఆరు నెలలుగా రోజూ గంట నడుస్తున్నాను, తిండి పెద్దగా మార్చలేదు. నడుము సైజు 34 దగ్గరే ఉంది కానీ పొట్ట బాగా కనిపిస్తోంది. పొట్ట ఒక్కటే తగ్గే వ్యాయామం ఏదైనా ఉందా?" అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు. గుంటూరు అరండల్‌పేటలో జెంట్స్ టైలర్‌ని. మెడలో టేపు వేసుకుని 26 ఏళ్ళయింది. మగవాళ్ళ పొట్టల గురించి మాట్లాడే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. ముందు మీ 34 సంగతి తేలుద్దాం.

ప్యాంటు నడుము వేరు, పొట్ట వేరు. నలభై దాటిన మగవాళ్ళలో ఎక్కువమంది ప్యాంటును పొట్ట కిందకి దించి వేసుకుంటారు. పెళ్ళినాడు బొడ్డు దగ్గరున్న బెల్టు ఏటా కాస్త కాస్త జారి తుంటి ఎముక మీదకు వస్తుంది. అక్కడ చుట్టుకొలత పెద్దగా పెరగదు, అందుకే సైజు అంకె మారదు. మా కొలతల పుస్తకాల్లో పదిహేనేళ్ళుగా 34 మీదే ఉన్న పెద్దమనుషులున్నారు. చొక్కా దగ్గరకొస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఛాతీ 40 అని రాసి, దాని కింద పొట్ట 42 అని రాయాల్సి వచ్చిందంటే ఇక ప్యాంటు సైజు గురించి మాట్లాడుకోవడం అనవసరం. ఈ మధ్య సాగే గుడ్డతో రెడీమేడ్ ప్యాంట్లు వచ్చాక ఇంకా ఘోరం. బిగుతు తెలిస్తేనే కదా మనిషి జాగ్రత్తపడేది!

నాకూ అలాగే తెలియలేదు. 2023 సంక్రాంతి ముందు వారం సంగతి. మా అమ్మాయి అప్పుడు బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం, పండగ సెలవులకు వచ్చింది. షాపులో ఊపిరి సలపని పని. నేను కొలతలు చెబుతుంటే తను పుస్తకంలో రాస్తోంది. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ సగం దించాను. "నాన్నా, ఒక్క నిమిషం ఇలా నిలబడు" అని నా మెడలో టేపు తీసుకుంది. బనీను పైకెత్తమంది. వేళ్ళతో తడిమి చివరి పక్కటెముక ఎక్కడుందో చూసింది, కింద తుంటి ఎముక అంచు చూసింది, ఆ రెంటికీ సరిగ్గా మధ్యలో కటింగ్ బల్ల మీది నీలం సుద్దతో చిన్న గీత పెట్టింది. గీత మీదుగా టేపు చుట్టి, "ఊపిరి మామూలుగా వదులు, బిగబట్టకు" అంది. నేను బిగబట్టాను. తనేమీ అనలేదు, నేను వదిలేదాకా టేపు అలాగే పట్టుకుని నిలబడింది.

103 సెంటీమీటర్లు. మన అంగుళాల్లో నలభైన్నర. అప్పుడు నా ప్యాంటు సైజు 36.

ఆ రోజు ఆఖరున కొలిచిన కస్టమర్ పేరు కింద, అదే పేజీలో "నాన్న, 103" అని రాసి తేదీ వేసింది. "మనవాళ్ళలో మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్తపడాలి నాన్నా. ఎత్తులో సగం కంటే తక్కువ ఉంటే ఇంకా మంచిది" అంది. నా ఎత్తు 168. సగమంటే 84. వేలమందిని కొలిచిన చేతులతో నన్ను నేను ఒక్కసారి కూడా కొలుచుకోలేదే అని ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. పండగయ్యాక పరీక్షలు చేయించింది. మూడు నెలల షుగర్ సగటు (HbA1c) 6.1 వచ్చింది. అంటే షుగర్ గడప దగ్గర నిలబడి ఉన్నాను. స్కానింగులో ఫ్యాటీ లివర్, అంటే కాలేయంలో కొవ్వు చేరిందని వచ్చింది. నాకు మందు అలవాటు లేదు, సిగరెట్ లేదు.

పొట్టలో కొవ్వు రెండు చోట్ల ఉంటుందని అప్పుడు అర్థమైంది. వేళ్ళతో పట్టుకుంటే మడత పడేది చర్మం కింది కొవ్వు, కోటుకు పైగుడ్డ లాంటిది. కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ పేరుకునేది లోపలి లైనింగ్ లాంటిది, చేతికి దొరకదు. ఎక్కువ హాని ఈ లైనింగుతోనే. అందులోంచి విడుదలైన కొవ్వు కాలేయానికి చేరి, ఇన్సులిన్ పని సరిగ్గా జరగనివ్వదు. షుగరూ బీపీ గుండెజబ్బూ ఆ దారినే వస్తాయి. మన దేశంలో బరువు మరీ ఎక్కువ లేకపోయినా ఈ లోపలి కొవ్వు చేరుతుంది, అందుకే మనకు హద్దులు తక్కువ పెట్టారు. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే గట్టిగా ముందుకొచ్చిన మనిషిని చూసి "కాస్త బొజ్జ, అంతేగా" అంటారే, ఆ మాట వింటే నాకు భయమేస్తుంది.

పొట్ట ఒక్కటే తగ్గే వ్యాయామం లేదండీ. క్రంచెస్, అంటే వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపే వ్యాయామం చేస్తే పొట్ట కండరం గట్టిపడుతుంది, మీదున్న కొవ్వు మీదే ఉంటుంది. మా బావమరిది ఒక సెంటర్లో 18 వేలు కట్టి పొట్టకు వేడి బెల్టు చుట్టించుకున్నాడు. మొదటి రోజు టేపు ఒక అంగుళం తగ్గింది, మూడో రోజుకు మళ్ళీ మామూలే. పోయింది చెమట, కొవ్వు ఎక్కడికీ పోలేదు. చీటీ పాడిన డబ్బులు అవి. తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

మీ నడక దగ్గరకొస్తాను. గంట మామూలు నడకకు మనలాంటి ఒళ్ళు ఖర్చు చేసేది సుమారు 250 కేలరీలు. ఒక పెద్ద చెంచా నూనెలోనే 120 ఉంటాయి. ఎన్టీఆర్ స్టేడియంలో రోజూ చూస్తాను, చక్కగా నాలుగు రౌండ్లు తిరిగి, బయటికి రాగానే మైసూర్ బజ్జీ ప్లేటు, దాని మీద పెసరట్టు ఉప్మా, చివర్లో టీ. నడిచింది ఆ బల్ల దగ్గరే పోతుంది. ఇంకొందరు పొద్దున్నే తేనె, నిమ్మరసం తాగి పొట్ట కరుగుతుందని ఎదురుచూస్తారు. తేనె కూడా చక్కెరే!

నా విషయంలో ముందు దొరికిన దొంగ టీ గ్లాసు. కస్టమర్ వస్తే టీ, గుడ్డల షాపువాళ్ళు వస్తే టీ, రోజుకు ఏడు. గ్లాసుకు రెండు చెంచాల పంచదార. అంటే 60 గ్రాములు పైనే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 25 గ్రాములు దాటొద్దంటుంది. ఇప్పుడు రెండు టీలు, పంచదార లేకుండా. పది రోజులు తలనొప్పి వచ్చింది, తర్వాత అలవాటైపోయింది.

రెండోది అన్నం. గుంటూరు వాళ్ళం, గోంగూర, ఆవకాయ పక్కనుంటే కంచంలో అన్నం ఎంత పోయిందో లెక్క తెలియదు. పచ్చడి కారం, దానికి నెయ్యి, ఆ కారం చల్లారడానికి ఇంకో గరిటె అన్నం, చివర మజ్జిగలోకి మళ్ళీ అన్నం. మన ఊరి పొట్టలకు అసలు కారణం ఆ రెండో గరిటేనని నా గట్టి నమ్మకం. అదే పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజు మొత్తం శక్తిలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని ఉంది. మా ఇంట్లో ఇప్పుడు కంచంలో ముందు కూర, పప్పు పడతాయి, మిగిలిన చోట్లోనే అన్నం. రాత్రికి రెండు జొన్నరొట్టెలు, కూర, ఒక గుడ్డు. నలుగురికి నెలకు ఐదు లీటర్లు అయ్యే నూనె మూడుకు తెచ్చాం. మా ఆవిడ "వేపుళ్ళు లేని ఇల్లూ ఒక ఇల్లేనా" అని రెండు నెలలు గొడవ పెట్టుకుంది. తర్వాత తన మోకాళ్ళ నొప్పి తగ్గేసరికి తనే కొలిచి పోస్తోంది.

మూడోది కండ. నడక ఆపలేదు, వేగం పెంచాను. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత వేగం. 45 నిమిషాలు, వారానికి ఆరు రోజులు. దాంతోపాటు వారానికి మూడు రోజులు దండాలు, బస్కీలు. జిమ్‌కు వెళ్ళలేదు, కటింగ్ బల్ల అంచు పట్టుకుని దండాలు, అదే బల్ల పట్టుకుని బస్కీలు. మధ్యాహ్నం భోజనం కాగానే కుర్చీలో వాలకుండా అరండల్‌పేట లైన్లలో పది నిమిషాలు తిరుగుతాను. తిన్నాక నడిస్తే షుగర్ ఒక్కసారిగా ఎక్కదు.

మూడు నెలలకు తూకం చూస్తే 76 నుంచి 74. రెండే కిలోలా అని ప్రాణం ఉసూరుమంది. అమ్మాయి ఫోన్‌లో "తూకం తర్వాత, టేపు ఎంత?" అని అడిగింది. 98. ఐదు సెంటీమీటర్లు పోయింది. వ్యాయామం చేస్తుంటే తూకం కదలకపోయినా లోపలి కొవ్వు తగ్గుతుంది, కాటా మీద ఆ సంగతి తెలియదు. ఆ రోజు తను టేపు గురించి అడగకపోతే నేను మానేసేవాణ్ణే. 2024 మార్చికి 91 వచ్చింది, షుగర్ సగటు 5.6. పద్నాలుగు నెలలు పట్టింది. హద్దు చేరడానికి ఇంకో సెంటీమీటరు ఉంది, అదీ తగ్గిస్తాను.

మీరు ఆరు నెలలు నడవడం వృథా కాలేదు, దాన్ని వదలొద్దు. రేపు పొద్దున పరగడుపున, పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో టేపు పెట్టి, ఊపిరి వదిలి, వచ్చిన అంకె తేదీతో రాసుకోండి. ఇంట్లో టేపు లేకపోతే మీ వీధి టైలర్‌ని అడగండి. ఒక్క నిమిషం పని, ఎవరూ డబ్బులు తీసుకోరు.