పైకప్పుపై ఏసీ ఉన్న వ్యాను, 2.7 మీటర్ల బారియర్

పత్రాల్లో వ్యాను ఎత్తు 2.6 మీటర్లని ఉన్నా, 2.7 మీటర్ల హైట్ బారియర్ కింద పైనున్న ఏసీ పెట్టె గీసుకుపోయిందని మీరు రాశారు. పత్రాల్లోని కొలత సాధారణంగా బండి తయారైనప్పటిది. తర్వాత మీరు బిగించిన ఏసీ, క్యారియర్, యాంటెన్నా అందులో చేరవు. బండిని చదునైన నేలపై నిలిపి, టైర్లలో గాలి సరిగా నింపి, సామాను దింపి, అన్నిటికన్నా ఎత్తైన భాగం మీద ఒక పొడవాటి చెక్క పట్టీని నేలకు సమాంతరంగా ఉంచి, దాని అడుగు అంచు నుంచి నేల వరకు టేపుతో కొలవండి. ఖాళీ బండి స్ప్రింగులు తేలికపడి కాస్త పైకి లేస్తుంది కనుక ఆ కొలతనే నమ్మాలి. దానికి కనీసం 10 సెంటీమీటర్లు కలిపి, ఆ అంకెను స్టీరింగ్ ఎదుట అంటించుకోండి.

మీ విషయంలో వాలు కూడా కారణమై ఉండవచ్చు. బారియర్ పల్లంలో ఉంటే, ముందు వెనుక చక్రాలు పల్లానికి ఇరువైపులా ఎత్తుపై నిలుస్తాయి, మధ్యలోని పైకప్పు మాత్రం కింది నేలకు మామూలు కన్నా ఎక్కువ ఎత్తున ఉంటుంది. బండి ఎంత పొడవైతే ఈ తేడా అంత పెరుగుతుంది.

టైర్ల గాలి తీసి దూరిపొమ్మనే సలహాను పాటించకండి. దొరికేది కొద్ది సెంటీమీటర్లే, పైగా టైరు దెబ్బతింటుంది. కార్ల కోసం చేసిన నావిగేషన్ యాప్‌లు ఎత్తును లెక్కలోకి తీసుకోవు, లారీల కోసం చేసినవి బండి కొలతలు అడుగుతాయి. అనుమానం కలిగితే బారియర్‌కు ముందే ఆగి, హజార్డ్ లైట్లు వేసి, ఒకరిని దింపి పైకి చూడమనండి. వెనక్కి రావాల్సి వస్తే వారే వెనుక నిలబడి దారి చూపాలి.