వెల్డర్ చదివే అబ్బాయికి కార్ల కర్మాగారంలో చోటుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటిఐలో వెల్డర్ ట్రేడు చదువుతున్నాడు. పెనుకొండ దగ్గరి కియా కర్మాగారంలో వెల్డింగు రోబోలే చేస్తాయని విని దిగులు పడుతున్నాడు. కార్ల తయారీలో ఇక మనిషితో పని ఉండదా?
– ఒక తండ్రి, హిందూపురం

జవాబు: మీ అబ్బాయి విన్నది చాలావరకు నిజమే. కారు బాడీలో రేకులను కొన్ని వేల చోట్ల స్పాట్ వెల్డింగుతో, అంటే రేకులను రెండువైపులా నొక్కిపట్టి కరెంటు వేడితో, అతుకుతారు. బరువైన వెల్డింగు గన్ను పట్టుకుని, నిప్పురవ్వల మధ్య, ఒక్క అతుకూ పక్కకు జరగకుండా రోజంతా ఆ పని చేస్తే మనిషి ఒళ్లు హూనమవుతుంది. 1961లో అమెరికాలోని న్యూజెర్సీలో జనరల్ మోటార్స్ వారు తొలి పారిశ్రామిక రోబో యూనిమేట్‌ను పెట్టుకున్నది కూడా, అచ్చుల్లో పోసిన లోహపు భాగాలను వేడిమీదే బయటకు తీయడానికే. అటువంటి పనులు మనుషుల చేతుల్లోంచి పోయినందుకు నేను విచారించను.

రంగు వేసిన బాడీ అసెంబ్లీ లైనుకు చేరాక మాత్రం సంగతి వేరు. తడిసిన తాడులా ఎటుపడితే అటు వాలిపోయే వైర్ల కట్టను డ్యాష్‌బోర్డు వెనుక సందులోకి దూర్చి, కంటికి ఆనని చోట కనెక్టరును నొక్కి, అది 'టక్కు'మని కూర్చున్నదీ లేనిదీ వేలికొసతో పోల్చుకునే నేర్పును యంత్రానికి అలవరచడం ఇప్పటికీ కష్టమే. అమెరికా విద్యుత్ కార్ల సంస్థ టెస్లాలో బ్యాటరీపై మెత్తటి ఫైబర్‌గ్లాస్ పొరను పరచడానికి పెట్టిన రోబో దాన్ని సరిగా పట్టుకోలేక లైనునే ఆపేసేది. అతిగా ఆటోమేషన్‌కు పోవడం తన పొరపాటేనని, మనుషుల విలువను తక్కువగా చూస్తున్నారని 2018లో ఆ సంస్థ అధిపతి ఎలాన్ మస్క్ స్వయంగా ఒప్పుకున్నారు.

అలాగని బాడీ షాపులో, అంటే కారు బాడీని అతికే విభాగంలో, గన్ను పట్టే వెల్డర్లకు పాత రోజుల్లా చోటుంటుందని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్లే అవుతుంది. కానీ గన్ను కొసనున్న రాగి టిప్పు అరిగితే అతుకు బలహీనపడుతుందని, పైకి బాగానే కనిపించే అతుకు లోపల పట్టిందో లేదో ఉలితో విడదీసి చూడాలని వెల్డింగు తెలిసినవాడికే తెలుస్తుంది. రోబో చేయి ఏ కోణంలో, ఎంత ఒత్తిడితో, ఎంత కరెంటుతో అతకాలో నిర్ణయించడానికి కావలసిందీ ఆ జ్ఞానమే. కాబట్టి అబ్బాయిని ట్రేడు మానిపించకండి. అది పూర్తి కాగానే రోబో ప్రోగ్రామింగు, నిర్వహణ నేర్పే కోర్సులో చేర్పించండి. అప్రెంటిస్‌షిప్‌కు వెళ్లినప్పుడు మెయింటెనెన్సు విభాగంలో వేయమని అడగమనండి.