డబ్బు ఎవరిదో అడుగు, అక్కడితో ఆగిపోకు

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. విదేశీ డబ్బుతో నడిచే అంతర్జాతీయ ప్రసార సంస్థలకూ, వాటిని భరించలేని ప్రభుత్వాలకూ మధ్య నడిచే గొడవ మీద రాయాలనుకున్నందుకు ముందుగా సంతోషం. కష్టమైన విషయం ఎంచుకున్నావు. భాష బాగుంది, చదివిస్తుంది. కానీ మొదటి పేరాలోనే తీర్పు ఇచ్చేశావు. రేడియో ఫ్రీ యూరప్ గురించి ‘అమెరికా డబ్బుతో బతుకుతోంది కాబట్టి అది చెప్పేదంతా అమెరికా మాటే’ అని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం కోసమే ఈ ఉత్తరం.

ముందు ఆ నిజమైన సగం సంగతి. రేడియో ఫ్రీ యూరప్ 1950లో పశ్చిమ జర్మనీ నుంచి, కమ్యూనిస్టు పాలనలో ఉన్న చెకోస్లోవేకియాకు ప్రసారాలు మొదలుపెట్టింది. సోవియట్ యూనియన్ కోసం రేడియో లిబర్టీ 1953లో వచ్చింది. సామాన్య అమెరికన్లు ఇచ్చే విరాళాలతో రేడియో ఫ్రీ యూరప్ నడుస్తోందని ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. అసలు డబ్బు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏది. 1971లో సెనేటర్ క్లిఫర్డ్ కేస్ ఆ సంగతి బహిరంగంగా చెప్పాక, సీఐఏ తప్పుకుని, అమెరికా కాంగ్రెస్ నేరుగా నిధులు ఇవ్వడం మొదలైంది. అంటే ‘ఈ రేడియో వెనక ఎవరున్నారు’ అని ఒక ప్రభుత్వం అడిగితే అది పిచ్చి ప్రశ్న కాదు. 1956లో హంగేరీ ప్రజలు తిరగబడ్డప్పుడు రేడియో ఫ్రీ యూరప్ హంగేరియన్ విభాగం ప్రసారాలు కొన్ని హద్దు దాటాయి. పోరాడేవాళ్లకు సలహాలు ఇచ్చాయి, పశ్చిమ దేశాల సాయం వస్తుందన్న ఆశ కలిగించాయి. ఆ సాయం రాలేదు, సోవియట్ ట్యాంకులు వచ్చాయి. ఇది నీ వ్యాసంలో ఉండాలి. నువ్వు ఈ సంస్థల పక్షాన నిలబడాలనుకున్నా సరే, ఇది ఉండాలి.

ఇక రెండో సగం. డబ్బిచ్చినవాడి మాటే ప్రసారమవుతుంది అన్నది నిజమైతే, డబ్బిచ్చినవాడికి తన రేడియో మీద ఎప్పుడూ కోపం రాకూడదు కదా? కానీ వస్తూనే ఉంది. 1956లోనే సూయెజ్ సంక్షోభం వచ్చింది. బ్రిటన్ ప్రధాని ఆంథోనీ ఈడెన్ ఈజిప్టు మీద సైనిక చర్యకు దిగాడు. ప్రతిపక్ష నాయకుడు హ్యూ గైట్‌స్కెల్ దాన్ని తప్పుపట్టాడు. ఆ విమర్శలను బీబీసీ విదేశీ శ్రోతలకు కూడా వినిపించింది. ఆ విదేశీ సర్వీసులు నడిచేది విదేశాంగ శాఖ గ్రాంటుతో. ప్రభుత్వం గ్రాంటు కోస్తానని ఒత్తిడి తెచ్చింది, తన అధికారిని ఆ సర్వీసుల కార్యాలయం బుష్ హౌస్‌లో కూర్చోబెట్టింది. 2001 సెప్టెంబర్‌లో తాలిబాన్ నాయకుడు ముల్లా ఒమర్ ఇంటర్వ్యూను అమెరికా ప్రభుత్వ డబ్బుతో నడిచే వాయిస్ ఆఫ్ అమెరికా సంపాదిస్తే, అమెరికా విదేశాంగ శాఖ ప్రసారం చేయవద్దంది. సంస్థ కొద్ది రోజులు ఆగి, ఒక వార్తాకథనంలో అతని మాటలు కొన్ని వాడుకుంది. అప్పటికి న్యూయార్క్ దాడులు జరిగి నెల కూడా కాలేదు. ఆ స్టూడియోలో పనిచేసేవాళ్లు ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించు.

2025 మార్చి 14న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఈ సంస్థలను నడిపే ఏజెన్సీని చట్టం కోరే కనీస స్థాయికి కుదించమని ఉత్తర్వు ఇచ్చాడు. మర్నాడే వాయిస్ ఆఫ్ అమెరికాలో 1,300 మందికి పైగా సెలవు మీద ఇంటికి పంపేశారు. రేడియో ఫ్రీ యూరప్ గ్రాంటు రద్దు చేశారు. ఆ సంస్థ కోర్టుకెక్కింది. మే నెలలో యూరోపియన్ యూనియన్ 55 లక్షల యూరోల అత్యవసర సాయం ప్రకటించింది. కాబట్టి డబ్బు గురించి రాసేటప్పుడు ‘ఎవరిచ్చారు’ అని మాత్రమే కాదు, ‘ఇచ్చినవాడికి నచ్చని వార్త ఈ సంస్థ ఎప్పుడైనా ఇచ్చిందా, ఇస్తే ఏం జరిగింది, ఎడిటర్‌కూ మంత్రికీ మధ్య చట్టంలో ఏదైనా గోడ ఉందా’ అని అడుగు. వాయిస్ ఆఫ్ అమెరికాకు 1976లో వచ్చిన చార్టర్ అలాంటి గోడ. వార్త కచ్చితంగా, నిష్పక్షంగా ఉండాలని అది చట్టంలోనే రాసిపెట్టింది. ఆ గోడ ఎంత గట్టిదో ఇప్పుడు పరీక్ష నడుస్తోంది. ఆ పరీక్షను చూపించు.

ఇక ప్రభుత్వాల వైపు వద్దాం. నీ వ్యాసంలో ఇది మరీ పలచగా ఉంది. ‘ప్రభుత్వం నోరు నొక్కింది’ అంటే పాఠకుడికి ఏమీ కనపడదు. నొక్కడం ఎలా జరుగుతుందో చూపించాలి, అది ఒక్క దెబ్బలో జరగదు.

కిర్గిజ్‌స్తాన్ సంగతే తీసుకో. అక్కడ రేడియో ఫ్రీ యూరప్ కిర్గిజ్ విభాగం పేరు అజత్తిక్. 2019లో ఈ విభాగం, క్లూప్ అనే స్థానిక వెబ్‌సైట్, మరో అంతర్జాతీయ పరిశోధక విలేఖరుల బృందం కలిసి కస్టమ్స్ శాఖ చుట్టూ అల్లుకున్న స్మగ్లింగ్, అవినీతి మీద పెద్ద పరిశోధన ప్రచురించాయి. జనం రాజధాని బిష్కెక్ వీధుల్లోకి వచ్చారు. 2022 సెప్టెంబర్‌లో కిర్గిజ్, తజిక్ సరిహద్దులో కాల్పులు జరిగాయి. దాని మీద వచ్చిన ఒక వీడియో తజిక్ పక్షాన ఉందని ప్రభుత్వం తప్పుపట్టి, తీసేయమంది. సంస్థ తీయలేదు. అక్టోబర్‌లో వెబ్‌సైట్‌ను ఆపేశారు. తర్వాత బ్యాంకు ఖాతా స్తంభింపజేశారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు అజత్తిక్‌ను మూసేయమని తీర్పు ఇచ్చింది. జులైలో రాజీ కుదిరింది. వీడియో తీసేశారు, తీర్పు రద్దయింది.

ఇంత కథలో నీ చిత్తుప్రతి పట్టుకున్నది రెండు వాక్యాలే, ‘వెబ్‌సైట్ నిలిపివేశారు, తర్వాత పునరుద్ధరించారు’ అని. మధ్యలో ఉన్న బ్యాంకు ఖాతా సంగతి వదిలేశావు. ఖాతా ఆగిపోతే జీతం ఆగుతుంది, ఆఫీసు అద్దె ఆగుతుంది. విలేఖరి రాసిన దాంట్లో తప్పేమిటో కోర్టులో తేలకముందే అతని ఇంట్లో ఇబ్బంది మొదలవుతుంది. ప్రభుత్వం ఏ చట్టం వాడింది, ఏ శాఖ సంతకం చేసింది, ఏ వాక్యాన్ని తప్పుపట్టింది, ఇవన్నీ ఉత్తర్వులో ఉంటాయి. ఉత్తర్వు మూలం సంపాదించి చదువు. ఆ వీడియో కూడా చూడు. ప్రభుత్వ ఫిర్యాదులో పస ఉందని నీకే అనిపిస్తే అలాగే రాయి. వీడియోలో ఒక పక్షం మాట ఎక్కువ ఉండటం ఒక సంగతి, అందుకు మొత్తం సంస్థనే మూసేయమనడం వేరే సంగతి. ఈ రెండిటినీ పాఠకుడు విడివిడిగా చూడగలిగేలా రాయాలి.

రష్యా దారి ఇంకో రకం. 2017లో చట్టం మార్చి ఈ సంస్థలను విదేశీ ఏజెంట్ల జాబితాలో చేర్చింది. తర్వాత ప్రతి వార్త పైనా పెద్ద అక్షరాలతో ఆ ముద్ర వేసుకోవాలని నియమం పెట్టింది. రేడియో ఫ్రీ యూరప్ ఒప్పుకోలేదు. ఒప్పుకోనందుకు జరిమానా మీద జరిమానా పడి మొత్తం కోటి డాలర్లు దాటింది. 2022 మార్చిలో, యుక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, అది మాస్కోలో పని ఆపేసింది. 2024లో దాన్ని ‘అవాంఛనీయ సంస్థ’గా ప్రకటించారు. అంటే దానితో సంబంధం పెట్టుకున్న వ్యక్తి మీద కూడా కేసు పెట్టొచ్చు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే మాట చెబుతాను. ఈ గొడవల్లో దెబ్బ తినేది డబ్బిచ్చిన ప్రభుత్వం కాదు. ఆ దేశంలో పుట్టి, ఆ భాషలో రాసే విలేఖరులు. అల్సు కుర్మషేవా ప్రాగ్‌లో ఉండి టాటార్, బష్కిర్ భాషల విభాగంలో పనిచేసేది. 2023 మేలో జబ్బుతో ఉన్న తల్లిని చూడటానికి రష్యాలోని కజాన్ వెళ్లింది. తిరుగు ప్రయాణంలో పాస్‌పోర్టులు తీసేసుకున్నారు. అక్టోబర్‌లో అరెస్టు చేశారు. విదేశీ ఏజెంటుగా నమోదు చేసుకోలేదన్నది మొదటి ఆరోపణ, రష్యా సైన్యం మీద తప్పుడు సమాచారం వ్యాప్తి చేసిందన్నది తర్వాత మోపిన నేరం. 2024 జులైలో రహస్య విచారణ జరిపి ఆరున్నరేళ్ల శిక్ష వేశారు. ఆగస్టు 1న జరిగిన ఖైదీల మార్పిడిలో బయటపడింది. అజర్‌బైజాన్‌లో ఖదీజా ఇస్మయిలోవా అధ్యక్షుడి కుటుంబ వ్యాపారాల మీద రాసింది. 2014 డిసెంబర్‌లో ఆమెను పట్టుకున్నారు, అదే నెలలో రేడియో ఫ్రీ యూరప్ బాకు ఆఫీసుకు సీలు వేశారు. పాత రోజుల్లో ఇంకా ఘోరం. బల్గేరియా రచయిత గియోర్గి మార్కోవ్ బీబీసీలో, రేడియో ఫ్రీ యూరప్‌లో తన దేశ పాలకుల గురించి మాట్లాడేవాడు. 1978 సెప్టెంబర్‌లో లండన్ వీధిలో అతని తొడలోకి రైసిన్ విషం ఉన్న చిన్న గుండు దిగింది. నాలుగు రోజుల్లో చనిపోయాడు.

ఇలాంటి మనుషుల గురించి రాసేటప్పుడు విశేషణాలు వద్దు. ‘ధీర వనిత’, ‘అక్షర యోధుడు’ వంటివి కొట్టెయ్. తేదీ, ఆరోపణ, శిక్ష రాస్తే చాలు. నీ చిత్తుప్రతిలో అల్సు గురించి ఒక పేరా నిండా కన్నీళ్లున్నాయి గానీ ఆమె ఏ భాషలో వార్తలు రాసేదో లేదు. ఆ భాషే కథకు ప్రాణం. టాటార్ భాషలో స్వతంత్ర వార్త చదవాలనుకునే మనిషికి ఎన్ని దారులున్నాయో ఆలోచించు.

ఆ మనిషిని, అంటే శ్రోతను, నువ్వు పూర్తిగా మర్చిపోయావు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ రియాక్టర్ పేలింది. సోవియట్ టీవీ దాని మీద చిన్న ప్రకటన చదివింది 28 రాత్రి. చాలామంది సోవియట్ పౌరులకు వివరాలు తెలిసింది విదేశీ రేడియోల ద్వారానే. వాళ్లకు ఆ రేడియో డబ్బు వాషింగ్టన్‌దని తెలియదనుకుంటున్నావా? తెలుసు. తెలిసే విన్నారు. ప్రసారం వినపడకుండా ప్రభుత్వం చేసే జామింగ్ గోల మధ్య స్టేషన్ వెతుక్కుని మరీ విన్నారు. శ్రోత ఎప్పుడూ రెండు మూడు చోట్ల విని, పోల్చుకుని, తనకు తాను నిర్ణయించుకుంటాడు. అతన్ని ఎవరు ఏది చెబితే అది నమ్మే అమాయకుడిగా చూపించడంలో ప్రభుత్వాలూ, ఈ సంస్థలను గుడ్డిగా పొగిడేవాళ్లూ ఒకటే. నువ్వు ఆ వరసలో చేరకు.

ఇంకొకటి. నీకు నచ్చని చానల్‌ను మూసినప్పుడు కూడా ఇవే ప్రశ్నలు అడుగు. రష్యా ప్రభుత్వ చానల్ ఆర్‌టీ ప్రసారాలను యూరోపియన్ యూనియన్ 2022 మార్చిలో నిషేధించింది. అంతకు ముందు నెల జర్మనీ ఆర్‌టీ జర్మన్ ప్రసారాన్ని ఆపితే, రష్యా మర్నాడే జర్మనీ ప్రసార సంస్థ డాయిష్ వెల్లె మాస్కో ఆఫీసు మూసింది. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ చైనా చానల్ సీజీటీఎన్ లైసెన్సు తీసేస్తే, వారం రోజుల్లో చైనా బీబీసీ వరల్డ్ న్యూస్‌ను ఆపేసింది. ఖతార్ డబ్బుతో నడిచే అల్ జజీరాను 2017లో పొరుగు గల్ఫ్ దేశాలు మూసేయమన్నాయి, 2024 మేలో ఇజ్రాయెల్ తన దగ్గర మూసింది, 2025 జనవరిలో పాలస్తీనా అథారిటీ కూడా నిలిపేసింది. పరస్పరం శత్రువులైన ఇన్ని ప్రభుత్వాలకు ఒకే చానల్ కంటగింపు కావడం దానికదే ఒక వ్యాసం.

ఇవన్నీ ఒకటే అనడం లేదు నేను. ఆర్‌టీ ఎడిటర్ తన ప్రభుత్వాన్ని తప్పుపట్టి ఉద్యోగంలో మిగలగలరా అన్నది న్యాయమైన ప్రశ్న, దానికి నా జవాబు ‘మిగలలేరు’ అనే. అయినా యూరప్ నిషేధం ఎలా వచ్చిందో రాయాలి. ముందు కోర్టు తీర్పు రాలేదు, ప్రభుత్వాలు కూర్చుని నిర్ణయించాయి. యూరోపియన్ యూనియన్ కోర్టు దాన్ని అదే ఏడాది జులైలో సమర్థించింది. ఏ దేశంలోనైనా కొలత ఒకటే పెట్టుకో. తప్పుపట్టిన వాక్యం ఏదో చెప్పారా, జవాబు చెప్పుకునే అవకాశం ఇచ్చారా, స్వతంత్రంగా వినే కోర్టు ఉందా, శిక్ష తప్పుకు తగినంతే ఉందా. ఈ కొలతతో చూస్తే అన్ని మూసివేతలూ ఒకేలా కనపడవు. ఆ తేడాలు ఓపికగా రాయడమే నీ పని.

రెండో చిత్తుప్రతిలో మొదటి పేరా తీసేసి, బిష్కెక్ ఉత్తర్వుతో నేరుగా మొదలుపెట్టు. ముగింపు కూడా రాజీ దగ్గర ఆపకు. 2023 జులైలో రాజీ కుదిరింది సరే. 2024 ఫిబ్రవరిలో అదే క్లూప్ వెనకున్న సంస్థను మూసేయమని కోర్టు చెప్పింది. ఏప్రిల్‌లో విదేశీ నిధులు తీసుకునే సంస్థల మీద కొత్త చట్టానికి అధ్యక్షుడు జపారోవ్ సంతకం చేశాడు. ఈ నెలల్లో అజత్తిక్ ఏయే విషయాల మీద కథనాలు ఇచ్చింది, ఇదివరకు ఇస్తూ వచ్చినవాటిలో ఏవి తగ్గాయి? పాత పేజీలు ఇంకా అందుబాటులో ఉన్నాయి, అనువాద సాధనాలూ ఉన్నాయి. కూర్చుని నెలవారీగా పోల్చి చూడు. ఏం కనపడిందో రాసి పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య