కిచెన్ పెట్టాక క్లాత్ పాడవుతోందా? సమాధానం

అన్నా, మీ పూల్ పార్లర్‌లో కిచెన్, బార్ పెట్టాక రాబడి పెరిగినా పూల్ టేబుల్ క్లాత్ ఆర్నెల్లకే నల్లబడిందన్నారు. తిండి ఆపక్కర్లేదు. ఒలికిన బీరే కాదు, వేళ్లకంటిన నూనె కూడా చెరుపు చేస్తుంది. చికెన్ 65 తిన్న చెయ్యి బంతిని ముట్టుకుంటే ఆ జిడ్డు క్లాత్‌కి పాకి, ఆట కర్ర కొనకు రాసే చాక్ పొడిని పట్టుకుంటుంది. ప్లేటుతో పాటే తడి టిష్యూ ఇవ్వండి, బంతులు రోజూ తుడిపించండి, రాత్రి మూసేముందు క్లాత్ వాక్యూమ్ చేయించండి. గ్లాసులకు గోడవారన అర కొట్టించండి. చోటు లేకపోతే ఎవరైనా టేబుల్ అంచు మీదే పెడతారు, వాళ్లనీ తప్పుపట్టలేం. ఒలికితే రుద్దనివ్వకండి, పొడిగుడ్డతో అద్దాలి. బార్ లాభంలో కొంత నెలనెలా క్లాత్‌కని పక్కన తీసిపెట్టండి. ఈసారి వర్‌స్టెడ్ రకం (నున్నగా నేసిన ఉన్ని బట్ట) వేయించండి, నూగుండదు కాబట్టి దుమ్ము తక్కువ పట్టుకుంటుంది.