డాలస్ స్టార్స్: ఈసారైనా కప్పు దాకా వెళ్తుందా?

ప్రశ్న: ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) జట్టు డాలస్ స్టార్స్ మూడేళ్లుగా వెస్ట్ ఫైనల్ (కప్ ఫైనల్‌కి ముందు మెట్టు) దాకా వచ్చి ఆగిపోతోంది. 2025-26 సీజన్‌లోనైనా లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ మీద ఆశ పెట్టుకోవచ్చా? (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌లు) గురించి బెంగ అక్కర్లేదు. గత సీజన్ 82 మ్యాచ్‌ల్లో 50 గెలిచి 106 పాయింట్లు తెచ్చుకున్న జట్టు ఇది. అదీ డిఫెన్స్‌కి ప్రాణం లాంటి మీరో హెయిస్కనెన్ మోకాలి దెబ్బతో 50 మ్యాచ్‌లకే పరిమితమై, టైలర్ సెగిన్ తుంటి ఆపరేషన్ వల్ల 20 మాత్రమే ఆడిన ఏడాది. మార్చిలో కరొలైనా నుంచి వచ్చిన స్టార్ ఫార్వర్డ్ మికో రాంటనెన్ ఈసారి అక్టోబరులో సీజన్ మొదటి నుంచే ఉంటాడు.

కప్పు సంగతి వేరు. మేలో వెస్ట్ ఫైనల్‌లో ఎడ్మంటన్ చేతిలో 4-1తో ఓడిన సిరీస్ చూడండి. మొదటి మ్యాచ్‌లో మూడో పీరియడ్‌లోనే 5 గోల్స్ కొట్టి 6-3తో గెలిచారు. ఆ అయిదింటిలో 3 పవర్‌ప్లేలో, అంటే పెనాల్టీ వల్ల ప్రత్యర్థికి ఒక ఆటగాడు తక్కువైనప్పుడు వచ్చినవే. తర్వాతి నాలుగు మ్యాచ్‌ల్లో కొట్టిన గోల్స్ వరసగా 0, 1, 1, 3. రెండువైపులా అయిదుగురేసి ఉన్నప్పుడు గోల్ ముందుకి చొరబడేవాళ్లు కరువయ్యారు. ఈ వేసవిలో ఆ కరువు ఇంకాస్త పెరిగింది. మేసన్ మార్చ్‌మెంట్ సియాటెల్‌కి, దదోనొవ్ న్యూజెర్సీకి వెళ్లిపోయారు. ఆ ఇద్దరివే 42 గోల్స్. గ్రాన్‌లండ్ కూడా అనహైమ్‌కి వెళ్లాడు. అందుకే నా చూపు రాంటనెన్ మీద కన్నా మావ్రిక్ బూర్క్ మీద ఉంది. 2023-24లో ఏహెచ్‌ఎల్ (ఎన్‌హెచ్‌ఎల్ కింది స్థాయి లీగ్) అత్యుత్తమ ఆటగాడైన ఈ కుర్రాడు మూడో లైన్‌లో (ఫార్వర్డ్‌ల మూడో బృందంలో) 20 గోల్స్ దాటితే కప్పు మాట గట్టిగానే ఎత్తవచ్చు. లేకపోతే మళ్లీ వెస్ట్ ఫైనల్ దగ్గరే ఆగుతారని నా అంచనా.

ప్రశ్న: కొత్త కోచ్ గ్లెన్ గులుట్‌జన్ 2011-13లో ఇక్కడ ఉన్నప్పుడు ప్లేఆఫ్స్‌కే చేర్చలేదు. మళ్లీ ఆయన్నే ఎందుకు తెచ్చారు?

జవాబు: ఎడ్మంటన్‌లో ఆయన చేసిన పని చూసి. అక్కడ పవర్‌ప్లే బాధ్యత ఆయనదే. 2022-23లో ఆ జట్టు 32.4 శాతం పవర్‌ప్లేలను గోల్స్‌గా మార్చింది, ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలో అదే రికార్డు. అక్కడ మెక్‌డేవిడ్, డ్రైసైటిల్ లాంటి మేటి ఆటగాళ్లు ఉన్నారు కాబట్టి ఘనతంతా కోచ్‌దే అనలేం. ఇక్కడ ఆయనకో చిక్కుంది. పాస్ రాగానే ఆపకుండా కొట్టాలంటే, ఎడమచేతి వాటం ఆటగాడు గోల్‌కి ఎదురుగా నిలబడితే కుడివైపు వచ్చే, మంచు మీద గీసిన వృత్తం దగ్గర ఉండాలి. రాంటనెన్, రాబర్ట్‌సన్, హింట్జ్ ముగ్గురిదీ ఎడమ వాటమే. ఒక్క చోటు కోసం ముగ్గురూ పోటీ పడినట్టే. ఎడమ వృత్తంలో కుడి వాటం వయట్ జాన్‌స్టన్‌నో సెగిన్‌నో నిలబెడితేనే ప్రత్యర్థి గోలీ రెండు పక్కలకీ కదలాల్సి వస్తుంది. మొదటి పది మ్యాచ్‌ల్లో ఇది గమనించండి.

ప్రశ్న: గోలీ ఎటింగర్‌ని నమ్ముకోవచ్చా?

జవాబు: నమ్మాల్సిందే. ఎడ్మంటన్‌తో అయిదో మ్యాచ్‌లో రెండు షాట్లకి రెండు గోల్స్ పడగానే, 7 నిమిషాల 9 సెకన్ల దగ్గర అప్పటి కోచ్ డిబోర్ అతణ్ణి పక్కన పెట్టాడు. నా దృష్టిలో అది పొరపాటే. వారం తిరిగేసరికి డిబోర్ ఉద్యోగమూ పోయింది. కాకపోతే ఎటింగర్ గత సీజన్‌లో 58 మ్యాచ్‌లు ఆడాడు. ఈసారి ఫిబ్రవరిలో ఒలింపిక్స్ విరామం ఉంది కాబట్టి మ్యాచ్‌లు దగ్గరదగ్గరగా పడతాయి. వరసగా రెండు రోజులు ఆట ఉన్నప్పుడల్లా రెండోది రెండో గోలీ డిస్మిత్‌కి ఇవ్వాలి. ఎటింగర్‌కి 52 మించితే ఏప్రిల్‌కి కాళ్లు బరువెక్కుతాయి.

ప్రశ్న: గాయాలైతే మధ్యలో కొత్తవాళ్లని కొనలేరా?

జవాబు: కష్టం. ఈ సీజన్‌లో ఒక్కో జట్టుకి జీతాల పరిమితి 95.5 మిలియన్ డాలర్లు. రాంటనెన్ (12), సెగిన్ (9.85), హెయిస్కనెన్, హింట్జ్ (చెరి 8.45), జాన్‌స్టన్ (8.4), ఎటింగర్ (8.25), రాబర్ట్‌సన్ (7.75), ఈ ఏడుగురికే 63.15 మిలియన్లు. మిగిలిన 32 మిలియన్ల చిల్లరలో ఇంకో 16 మంది సర్దుకోవాలి. పైగా రాబర్ట్‌సన్ ఒప్పందం 2026 వేసవితో అయిపోతుంది. రాంటనెన్ కోసం 2026, 2028 డ్రాఫ్ట్‌లలో మొదటి రౌండ్ పిక్‌లు (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే హక్కులు) ఇచ్చేశారు. బేరానికి చేతిలో మిగిలింది తక్కువే.