అసోసియేషన్ ఇచ్చే కాగితం పక్కన పెట్టండి, వాచ్‌మన్ నోట్‌బుక్ అడగండి

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో కమిటీ వాళ్లకి ఒక న్యాయం, మిగతావాళ్లకి ఇంకో న్యాయం. లెక్కలు అడిగితే వాట్సాప్‌లో ఒక కాగితం పెట్టి ఊరుకుంటున్నారు. వీళ్ల చేత జవాబు చెప్పించడం ఎలా?

ముందు ఆ కాగితం చూడటం మానేయండి. ఉద్యోగమంతా వోచర్ల మధ్యే గడిపినదాన్ని కాబట్టి చెబుతున్నా. జీతాలు, కరెంటు, లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం), నీళ్లు, ఇతరములు అని ఐదు వరుసలు రాసి కింద మొత్తం వేసిన కాగితంలో దొంగతనం ఉన్నా కనపడదు, నిజాయితీ ఉన్నా కనపడదు. పైగా మీరు దాన్ని పట్టుకుని ప్రశ్నిస్తే కూడికలు సరిచూపించి మీ నోరు మూయిస్తారు.

మాది చందానగర్‌లో నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. రెండు బ్లాకులు, కింద ఒకటే సంపు, పైన బ్లాకుకో ట్యాంకు. ఎండాకాలం వచ్చిందంటే బోరు ఎండిపోతుంది, ట్యాంకర్లే దిక్కు. ఆ ఏడాది మా బి బ్లాక్‌లో పొద్దున ఏడు దాటితే కుళాయిలోంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. అదే సమయానికి ఎ బ్లాక్ ముందు సెక్రటరీగారి కారు పైపు పెట్టి కడుగుతుండేవారు. ఇదేమిటండీ అంటే "మీ బ్లాక్ వాళ్లు నీళ్లు ఎక్కువ వాడతారమ్మా" అనేవారు. ఆ మాట విని విని మాలో మాకే అనుమానాలు మొదలయ్యాయి. మూడో అంతస్తు వాళ్లింటికి చుట్టాలొచ్చారట, పైన ఉన్న బ్యాచిలర్ కుర్రాళ్లు రోజూ వాషింగ్ మెషీన్ వేస్తారట. పాపం ఆ కుర్రాళ్లు ఆదివారం తప్ప ఇంట్లోనే ఉండరు.

మే నెలలో జనరల్ బాడీ పెట్టారు. సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు, సమోసాలు, టీ. ట్రెజరర్‌గారు పద్దులు చదువుకుంటూ నీళ్ల దగ్గరికి వచ్చేసరికి నేను వాచ్‌మన్‌ని పిలిచి ట్యాంకర్ల నోట్‌బుక్ తెమ్మన్నాను.

"ఎందుకు మేడం, మొత్తం చదివాను కదా" అన్నారాయన.

"మొత్తం మీరు చదివారు, విడివిడిగా అతను రాశాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుందాం, ఏం పోయింది?" అన్నాను.

తెచ్చాడు. తడిసి ఆరి అట్ట ఉబ్బిపోయిన లాంగ్ నోట్‌బుక్. స్కేలు లేకుండా గీసిన వంకర గీతల మధ్య తేదీ, బండి నంబరులో చివరి నాలుగంకెలు, వచ్చిన టైము, డ్రైవర్ సంతకం. అన్నిటికంటే చివర, ఎవరూ చెప్పకుండా అతనే పెట్టుకున్న ఇంకో గడి ఉంది: మోటారు వేశాక వాల్వ్ ఎటు తిప్పాడో రాసుకోవడానికి. ఎ, ఎ, ఎ, బి. ఎ, ఎ, బి. మళ్లీ ఎ, ఎ, ఎ. పేజీలకు పేజీలు అదే వరస.

డబ్బు మాత్రం రూపాయితో సహా సరిపోయింది. ఒక్క ట్యాంకర్ కూడా ఎక్కువ రాయలేదు. అంతకుముందు వాళ్లు డబ్బు తినేస్తున్నారని గుసగుసలాడిన వాళ్ల మొహాలు కాస్త వాడిపోయాయి కూడా. నలభై ఫ్లాట్ల దగ్గరా సమానంగా వసూలు చేసి కొన్న నీళ్లు ఎటు పోతున్నాయో మాత్రం ఆ ఒక్క గడిలోనే ఉంది.

సెక్రటరీగారు వాచ్‌మన్ మీదికి లేచారు. "ముందు ఎ నింపమని నీకెవరు చెప్పారు?"

"మీరే కదా సార్. మన ట్యాంకు నిండాకే అటు తిప్పు అన్నారు" అన్నాడతను, టైమెంతయిందంటే చెప్పినంత మామూలుగా.

సెల్లార్ అంతా గొల్లుమంది. మర్నాడు గ్రూపులో ఏం మెసేజ్ వచ్చిందో ఊహించండి: వాచ్‌మన్ సరిగ్గా పనిచేయడం లేదు, మార్చేద్దామని. మా అపార్ట్‌మెంట్లలో ఏ తప్పయినా చివరికి సెల్లార్ గదిలో ఉండే మనిషి నెత్తికే చుట్టుకుంటుంది. బి బ్లాక్ ఆడవాళ్లమంతా కలిసి సెక్రటరీగారింటికి వెళ్లి, అతను వెళితే మా మెయింటెనెన్స్ కూడా ఆగుతుందని చెబితే ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఎ ఒక ట్యాంకర్, బి ఒక ట్యాంకర్, ఏ రోజు పేజీ ఆ రోజే ఫోటో తీసి గ్రూపులో పెట్టాలని రాయించుకున్నాం. నీళ్లేమీ పెరగలేదు. కారు కడగడం మాత్రం దానంతటదే ఆగిపోయింది.

మీ ప్రశ్న కింద ఒకాయన ఆర్‌టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు, వేయమని సలహా ఇచ్చారు. ప్రభుత్వ సొమ్ముతో గానీ అజమాయిషీతో గానీ నడవని సహకార సంఘాలకే అది వర్తించదని 2013లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక మన అసోసియేషన్ ఎక్కడ? మీది 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరైతే సెక్షన్ 23 ఉంది, మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లొచ్చు. వెళ్లేవాళ్లు వెళ్లండి. రోజూ ఒకే లిఫ్టులో ఎక్కి దిగే మనుషుల మీద కేసు నడపడానికి కావలసిన ఓపిక నాకైతే లేదు.

డబ్బు తినకపోతే చాలు, కమిటీ మంచిదే అనుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల మంచినీళ్లు ఉచితమన్నారు. అపార్ట్‌మెంట్లయితే మీటరు పనిచేయాలి, ఫ్లాటు ఫ్లాటుకీ ఆధార్ అనుసంధానం కావాలి. మా కమిటీ "చూద్దాం, చేద్దాం" అంటూ కూర్చుంది, బిల్లు మాత్రం అందరం కట్టాం. అందులో ఎవరూ పైసా తినలేదు. అయినా పోయింది మా డబ్బే కదా? దాని గురించి అడిగితే "మేం ఉచితంగా సేవ చేస్తున్నాం మేడం, నెగటివ్‌గా మాట్లాడకండి" అని సమాధానం. అదే గ్రూపులో పొద్దున్నే పూల బొమ్మలతో గుడ్ మార్నింగులు యాభై వస్తాయి, వాటికి అడ్డు లేదు. వినాయక చవితి చందా మెయింటెనెన్స్ ఖాతాలోనే కలిపేయడం, లడ్డూ వేలం డబ్బు ఏ పద్దులో ఉందో తెలియకపోవడం, ఇవి మొదలుపెడితే ఈరోజుకి తెమలదు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇదీ. స్టేట్‌మెంట్ అడగకండి, పనిచేసే మనిషి రాసుకున్న పుస్తకం అడగండి. ట్యాంకర్లది, జనరేటర్ డీజిల్‌ది, లిఫ్ట్ మెకానిక్ వచ్చి సంతకం పెట్టి వెళ్లేది. మెయింటెనెన్స్ బకాయిల జాబితా కమిటీ సభ్యుల ఫ్లాట్లతో సహా లిఫ్ట్ పక్కన అంటించమనండి. ఇవన్నీ ఒంటరిగా అడిగితే గొడవ మనిషన్న ముద్ర వేస్తారు. మీ బ్లాక్ నుంచి ముగ్గురిని వెంటేసుకుని, జనరల్ బాడీలో అందరి ముందే అడగండి. వాళ్లు "ఇవ్వం" అంటే ఆ మాటే మీటింగ్ మినిట్స్‌లో రాయమని పట్టుబట్టండి.

మీరు ఓనరో, అద్దెకున్నారో రాయలేదు. అద్దెకుంటే "మీకేం సంబంధం" అంటారు, మెయింటెనెన్స్ మాత్రం మీ దగ్గరే వసూలు చేస్తారు. అలాగైతే ఈ మీటింగ్‌లో తన తరఫున మాట్లాడతారని మీ ఓనరు చేత ఒక ఉత్తరం సంతకం పెట్టించుకుని, మీటింగ్‌కి ముందే ప్రెసిడెంట్‌కి ఇచ్చి, అందినట్టు నకలు మీద సంతకం తీసుకోండి.